వెల్ల కింద వరద

చిలకలేరు వరద నియంత్రణ కేంద్రానికి ప్రతి ఏటా ఫిర్యాదులు వచ్చేవి. వాటికి జవాబు రాసే పని మనుషులకు ఉండేది కాదు. ఫిర్యాదులోని చిరునామాను యంత్రమే చదివి, తన పటంలో ఆ చోటు వెతికి, అక్కడికి ఎంత నీరు వచ్చిందో చూసుకుని, జవాబును తానే పంపేది. సున్నపుపేట రూతమ్మకు అలా మూడుసార్లు జవాబు వెళ్ళింది. మూడుసార్లూ ఒకటే వాక్యం: "మీ నివాసప్రాంతంలో వరద నమోదు కాలేదు."

నాలుగో ఉత్తరాన్ని రూతమ్మ కేంద్రానికి రాయలేదు. ఆ పటం తయారుచేసిన మనిషి పేరు కనుక్కుని, ఆ పేరు మీద పంపింది.

"డాక్టర్ సువర్చల గారికి, సున్నపుపేట నించి దారా రూతమ్మ రాయించేది ఏమంటే, మా పేటకి ఏరు రాలేదని మీ మిషను అంటంది. మరి మా ఆయన్ని తీసకపోయింది ఏంటో మీరు చెప్పండి. మీరు చదువుకున్నోళ్ళు."

సువర్చల ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివి, తెర మీద పటం తెరిచింది. ఆ యంత్రం పేరు జలసూత్రం. అది ఆమె పదకొండేళ్ళ శ్రమ. నాలుగు నెలలు కురవవలసిన వాన నాలుగు రోజుల్లో కురిసే కాలం వచ్చాక, మల్కిపాడు పట్టణానికి ఎగువన ఉన్న లాకుల దగ్గర ఏటిని ఎడమకు వదలాలా, కుడికి వదలాలా అన్న నిర్ణయం మనిషి తీరికగా తీసుకునేది కాకుండా పోయింది. ఆ నిర్ణయం జలసూత్రానిది. ఏ వీధిలో ఎంత నీరు నిలుస్తుందో తెలిస్తేనే అది నిర్ణయించగలదు. వరద రోజుల్లో మబ్బులు ఉపగ్రహాల కళ్ళు కప్పేస్తాయి. నీటిమట్టం కొలిచే పరికరాలు కొట్టుకుపోతాయి. అప్పుడు సువర్చలకు తట్టిన ఉపాయం గోడలు. బురదనీరు నిలిచిన ప్రతి గోడ మీదా ఒక గీత మిగులుతుంది. నీరు తీసిన పదిహేనో రోజున డ్రోన్లు వీధివీధినా తిరిగి గోడలను ఫోటోలు తీస్తే, గీత ఎత్తును బట్టి లోతు తెలుస్తుంది. "గోడకు భయం లేదు, ఆశ లేదు. దానికంటే నమ్మదగిన సాక్షి లేదు" అని ఆమె తొలి సమావేశంలో చెప్పినప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు.

ఆరేళ్ళలో మూడు పెద్ద వరదలు వచ్చాయి. మూడుసార్లూ జలసూత్రం ఎడమ గేట్లు ఎత్తింది. పట్టణం తడవలేదు. కుడివైపున ఉన్న ఉపాధ్యాయనగర్ తడవలేదు. సువర్చల ఇల్లు అక్కడే. ఆ నగర్ సంఘంవారు ఆమెకు శాలువా కప్పారు.

ఎడమవైపున సున్నపుపేట ఉంది. పటంలో అది మచ్చలేని తెలుపు. నేల పల్లమే అయినా నీరు నిలవదని యంత్రం తేల్చింది. అందుకు కారణాన్ని కూడా అదే ఊహించి రాసుకుంది: పేట నిండా ఉన్న సున్నపు గుల్లల రాశులు నీటిని పీల్చేస్తున్నాయట. ఆ వాక్యాన్ని సువర్చల నాలుగేళ్ళ క్రితం చదివి, తెలివైన ఊహ అని మెచ్చుకుంది కూడా.

సువర్చల పేట మరణాల దస్త్రం తెప్పించుకుంది. దారా యాకోబు, యాభై తొమ్మిదేళ్ళు. సున్నపు బట్టీలో ప్రమాదం, కాలిన గాయాలు. తేదీ చూసింది. రెండో వరద వచ్చిన రోజు అది.

భోజనానికి లేవకుండానే ఆమె పేటకు బయలుదేరింది.

*

సున్నపుపేటలో మే నెల ఎండకు గోడల వైపు నేరుగా చూడడం కష్టం. అంత తెలుపు. గుల్లలను ఊకతో పొరలు పొరలుగా పేర్చి కాల్చే బట్టీలు వీధి చివర పొగలు కక్కుతున్నాయి. రూతమ్మ చెట్టు నీడన కూర్చుని గుల్లలు జల్లెడ పడుతోంది. చిన్నపాటి మనిషి. చేతులు మోచేతుల దాకా సున్నంతో పాలిపోయి ఉన్నాయి. పక్కనే ఆమె ఆడపడుచు ఎస్తేరు.

సువర్చల తానెవరో చెప్పుకుంది.

"డాక్టరంటే సూదిమందు డాక్టరనుకున్నామే ఎస్తేరూ! గోడల డాక్టరంట," అంది రూతమ్మ. తర్వాత సువర్చల వైపు తిరిగింది. "మా గోడలకి జరం లేదండీ. చూడండి, ఎట్టా మెరిసిపోతన్నయ్యో."

"అదే చూస్తున్నాను, రూతమ్మగారూ. ఒక్క గోడ మీదా నీటిగీత లేదు."

"ఎందుకుంటదండీ? తుడిచేస్తాం గదా."

"ఎప్పుడు?"

"నీళ్ళు తీసిన మూడోనాడు. పొయ్యి రాజెయ్యక ముందే గోడ కడిగి వెల్ల వెయ్యాలి. గీత అట్టాగే ఉంచితే ఏరు దారి గుర్తుపెట్టుకుంటదండీ. మళ్ళీ అదే గోడకి వస్తది. మా అత్త నాకు చెప్పింది, ఆవిడకి వాళ్ళత్త చెప్పింది."

"గీతున్న కొంపలో అన్నం కూడా సరిగ్గా ఉడకదు," అంది ఎస్తేరు. "ఊళ్ళోవాళ్ళంటే సున్నం కొనుక్కోవాలి. మాకేం? చేతినిండా సున్నమే."

సువర్చల గుల్లల రాశి మీదే కూర్చుండిపోయింది. పేటవాళ్ళు మూడో రోజున తుడుస్తున్నారు. తన డ్రోన్లు పదిహేనో రోజున వస్తున్నాయి. వాటికి కనిపించేది ఊరంతటిలోకీ శుభ్రమైన గోడలు. కనుక ఇక్కడికి నీరు రాలేదు. కనుక మళ్ళీ వరద వచ్చినప్పుడు ఇటే వదలవచ్చు. వదిలినకొద్దీ వీళ్ళు తుడిచారు. తుడిచినకొద్దీ యంత్రం నమ్మకం పెంచుకుంది. గీత ఉంటే ఏరు వస్తుందని వీళ్ళు భయపడి తుడిచారు. తుడిచినందుకే తాను ఏటిని పంపింది.

"ఏంటమ్మగారూ, అట్టా అయిపోయారు? ఎండ కొట్టిందా?" రూతమ్మ లేచి చెంబుతో మంచినీళ్ళు తెచ్చింది. "తాగండి. ముందు తాగి, తర్వాత మాట్టాడండి."

సువర్చల తాగింది. ఆ క్షణంలో నిజం చెప్పే ధైర్యం ఆమెకు రాలేదు. గోడ నుంచి అరచేతంత ముక్క కావాలని మాత్రం అడిగింది.

"వెనకగోడన తీసుకోండి," అంది రూతమ్మ. "ముందుగోడ జోలికి పోవద్దు."

*

కేంద్రంలో రాళ్ళనూ మన్నునూ పరీక్షించేది జుబేదా. సువర్చలతో కలిసి చదువుకున్న మనిషి, మాట తక్కువ. ఆమె ఆ ముక్కను అడ్డంగా కోసి, సానపట్టి, భూతద్దం కింద పెట్టి, చాలాసేపు లేవలేదు.

"వచ్చి చూడు," అంది చివరికి.

తెల్లటి పొర మీద తెల్లటి పొర, ఉల్లిపాయను కోసినట్టు. ప్రతి క్రిస్మస్‌కూ వేసిన వెల్ల అది. వాటి నడుమ అక్కడక్కడ గోధుమరంగు చార. ఎంత కడిగినా గోడ రంధ్రాల్లో మిగిలిపోయిన బురదను తర్వాతి వెల్ల కప్పేసి భద్రపరిచింది. పేటవాళ్ళు వరదను తుడిచేశామనుకున్నారు. నిజానికి దానిని గోడలో దాచిపెట్టారు.

"లోపలివైపు ముప్ఫై ఏళ్ళ వెల్లలో రెండు చారలు," అంది జుబేదా. "పైనున్న ఆరేళ్ళలో మూడు." మెల్లగా అంది: "వానలు కూడా పెరిగాయిలే, సువర్చలా."

"పెరిగాయి. వాటిని అటు తోలింది ఎవరు?"

జుబేదా స్నేహితురాలి భుజం మీద చెయ్యి వేసి, మరో చోటు చూపించింది. "ఈ ఒక్క పొర వేరుగా ఉంది. రెండో వరద తర్వాత వేసింది. గరుకు. మంచినీళ్ళు పోసి విరిచిన సున్నం కాదిది, కాలిన గుల్ల బురదనీళ్ళలో విరిగింది. ఇలా ఎందుకు చేశారో తెలియడం లేదు."

ఆ సాయంత్రం ఇంటికి వచ్చిన సువర్చల గేటు దగ్గరే నిలిచిపోయింది. గేటు స్తంభానికి పాలరాతి పలక బిగించి ఉంది. పద్నాలుగేళ్ళ నాటి వరదలో నీరు ఎంతవరకు వచ్చిందో చెక్కించిన పలక. ఉపాధ్యాయనగర్‌లో ప్రతి ఇంటికీ అలాంటిదొకటి ఉంది. ఇక్కడివాళ్ళు తమ కష్టాన్ని రాతి మీద చెక్కించుకున్నారు. యంత్రం ఆ రాతలన్నీ భక్తిగా చదువుకుంది.

"ఏమిటలా నిలబడ్డావు? మన గేటు నీకు కొత్తా?" అన్నాడు ఆమె భర్త శ్రీపతి. లెక్కల మాస్టరుగా పనిచేసి విరమించినవాడు.

ఆమె అంతా చెప్పింది. అతను చివరిదాకా విని అడిగాడు.

"సరిదిద్దితే నీళ్ళు ఎటు వస్తాయి?"

"అటు సగం, ఇటు సగం."

"మనింట్లోకి ఎంత వస్తాయి?"

"మోకాలి దాకా ఉండవచ్చు."

శ్రీపతి గోడ పొడుగునా ఉన్న పుస్తకాల బీరువాల వైపు చూశాడు. కింది రెండు అరలూ అతని తండ్రి నుంచి వచ్చిన పుస్తకాలు.

"అయితే కింది అరలు ఖాళీ చెయ్యాలి," అని లేచి, ఆమెకు కాఫీ కలపడానికి వెళ్ళాడు.

*

"ఒక్క గోడతో పటం మారదు, సువర్చలగారూ," అన్నాడు సంచాలకుడు రంగనాయకులు. "నలభై ఇళ్ళ నుంచి లోతు ఆధారాలు లేనిదే యంత్రం నేర్చుకున్నదాన్ని మార్చకూడదు. ఆ నియమం రాసింది మీరే."

"నేనే."

"జూన్ ముప్ఫైన ఈ ఏడాది పటానికి ముద్ర వేస్తాం. ఆ తర్వాత ఒక్క చుక్క కూడా మార్చడానికి లేదు. అదీ మీ నియమమే. ఇంకా పందొమ్మిది రోజులుంది." ఆయన చెడ్డమనిషి కాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అన్నాడు: "తెండి. తెస్తే నేను అడ్డురాను."

అరచేతంత ముక్క వరదలు ఎన్నో చెబుతుంది గాని, ఎంత లోతో చెప్పదు. లోతు తెలియాలంటే నేల నుంచి చూరు దాకా బెత్తెడు వెడల్పున వెల్లను చెక్కాలి. ఏ ఎత్తు దాకా బురద చార ఉందో చూడాలి. వాన నేరుగా కొట్టని ముందుగోడల మీదే పొరలన్నీ పూర్తిగా నిలిచాయి. రూతమ్మ వద్దన్నది సరిగ్గా అలాంటి గోడనే.

ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి ఆవరణలో ఆడవాళ్ళు కూర్చున్నారు. సువర్చల వాళ్ళ ఎదుట నిలబడింది. ఆమె మాటలు వెతుక్కోలేదు.

"మీ పేటకు మూడుసార్లు ఏటిని పంపింది నేను తయారుచేసిన యంత్రం. మీ గోడలు శుభ్రంగా కనిపించాయి కనుక, ఇక్కడికి వరద రాదని అది అనుకుంది. మీరు తుడుస్తారని నాకు తెలియదు. తెలుసుకోవలసిన బాధ్యత నాది. ఆరేళ్ళలో ఒక్కసారైనా వచ్చి మిమ్మల్ని అడగలేదు."

 మొదట గొంతు విప్పింది ఎస్తేరు.

"అంటే మేం శుభ్రంగా ఉన్నందుకు ముంచారా?"

"అవును."

"మురికి కొంపల్లో పడుంటే బతికేవాళ్ళమన్న మాట!"

"అవునమ్మా."

"అవునంటదే! ఎంత చల్లగా అవునంటదో చూడండే!" ఎస్తేరు లేచి నిలబడింది. "ఉత్తరాలు రాస్తే వరద లేదన్నారు. పోయి అడిగితే మిషను చెప్పింది చాలు పొమ్మన్నారు. ఇప్పుడొచ్చి ముందుగోడలు చెక్కుతావా? అన్ని వరదల గీతలూ ఒక్కసారే బయట పెడితే, ఏటికి బొట్టుపెట్టి పిలిచినట్టు గాదా? మేం ఒప్పుకోం."

చాలామంది తలలూపారు.  కోపగించే హక్కు వాళ్ళదని సువర్చలకు తెలుసు. పటానికి ముద్ర పడితే మరో ఆగస్టులో ఈ ఆవరణ నీటి కింద ఉంటుందని కూడా తెలుసు. ఆ మాట చెప్పి బెదిరించినట్టు కాకూడదని ఊరుకుంది.

అంతసేపూ నేల చూస్తూ కూర్చున్న రూతమ్మ తలెత్తింది.

"అమ్మగారూ, మా వెనకగోడ ముక్క అద్దం కింద పెట్టి చూశారంట గదా. అందులో ఒక పొర గరుగ్గా ఉండాలే. కనపడిందా?"

"కనిపించింది. బురదనీటితో విరిగిన సున్నం. అలా ఎందుకుందో మాకు అర్థం కాలేదు."

"నేను చెబుతా." రూతమ్మ కొంగు సర్దుకుంది. "ఆ రోజు బట్టీ నిండా కాలిన గుల్లలున్నయ్యి. చల్లారనన్నా చల్లారలేదు. కాలిన గుల్లకి నీళ్ళు తగిలితే ఏమైతదో మీకు తెలుసు గదండీ. అన్నం ఎసరు మాదిరి కుతకుత ఉడికిద్ది. పొద్దున పదింటికి నీళ్ళొచ్చినయ్యి. సైరన్ కూయలా. లాకుల కాడ కూసిందంట, మాకు కూయలా. పోతే పోనియ్యి, చర్చి డాబా ఎక్కుదాం రమ్మన్నా. గోతాలు అడ్డం పెట్టొస్తానని పోయాడు. నెలరోజుల కష్టం గదా అన్నాడు." ఆమె బట్టీల వైపు తల తిప్పింది. "ఏరు ఉడికిందమ్మగారూ. ఏటి నీళ్ళు. చేపలు గూడా ఉడికి తేలినయ్యి."

సువర్చల దస్త్రంలో చదివిన వాక్యం గుర్తు తెచ్చుకోవడానికి కూడా సిగ్గుపడింది.

"మూడోనాడు వెల్ల వెయ్యాలి. ఎక్కడా సున్నం లేదు, అంతా కొట్టకపోయింది. ఆ బట్టీలో విరిగిందే ఉంది. వద్దన్నారందరూ. ఈ ఎస్తేరు నా చెయ్యి పట్టుకుంది. ఆయన కాల్చిన ఆఖరి సున్నం అది, ఏట్లో పారబోస్తానా? ముందుగోడకి మూడుసార్లు వేశా. అందుకే ఆ గోడ వద్దన్నా." సువర్చల వైపు చూసింది. "ఎట్టా ఉందమ్మగారూ, ఆ పొర? రాలిపోతందా?"

ఓదార్పు కోసం ఒక మాట కల్పించడం సువర్చలకు చేతకాదు. అదృష్టవశాత్తు నిజమే చాలింది.

"రాలలేదు. మిగిలిన పొరలన్నిటికంటే గట్టిగా పట్టుకుని ఉంది. ఉడుకుతున్న సున్నంలో ఒండ్రుమట్టి కలిస్తే రాయిలా బిగుస్తుంది. జుబేదా కత్తి ఆ పొర దగ్గర ఆగిపోయింది. వేరే పరికరం తేవలసివచ్చింది."

 రూతమ్మ నవ్వింది. నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది.

"మొండోడు," అంది. "బతికుండగా గూడా అంతే."

ఆమె లేచి, చీర దులుపుకుంది.

"ఏరు మరిచిపోద్దని తుడిచామే ఎస్తేరూ. ఊరు మరిచిపోయింది. పలుగు తేండి, ముందు నా గోడే చెక్కుతా. నేనే చెక్కుతా, ఈ అమ్మగారి మనుషులకి ఇయ్యను."

చూరు కింద నిచ్చెన వేసి ఆమె పై నుంచి కిందికి చెక్కుతూ వచ్చింది. పలచటి వెల్ల పెంకులను జుబేదా తెల్లటి గుడ్డలో ఒక్కొక్కటే పరిచి, పక్కన ఎత్తు రాసుకుంది. చూరుకు జానెడు కిందనే మొదటి చార కనిపించింది. అక్కడినుంచి నేల దాకా ఆ చార ఎక్కడా తెగలేదు. చూస్తున్న ఆడవాళ్ళలో ఒకరిద్దరు ఏడ్చారు. తాము వేసిన వెల్ల కింద ఏముందో వాళ్ళు ఇన్నేళ్ళూ చూసుకోలేదు.

"నా గోడకి ఆ పలుగు తేవద్దు," అంది ఎస్తేరు గొణుక్కుంటూ. "ఇంత మోటుగా చెక్కుతారా? నేను గరిటెతో గీక్కుంటా."

పొద్దు వాలేలోగా యాభై మూడు గోడలు తెరుచుకున్నాయి.

*

జలసూత్రానికి ఆ చారలను నేర్పడానికి పదకొండు రోజులు పట్టింది. దాని వరకు అదొక కొత్త రకం సమాచారం, అంతే. తప్పు చేసినందుకు అది నొచ్చుకోలేదు. సరిదిద్దుకున్నందుకు సంతోషించలేదు. నొచ్చుకోవలసినవాళ్ళు వేరే ఉన్నారని సువర్చల తన సహోద్యోగులకు గట్టిగానే చెప్పింది. సున్నపుపేట మీది తెలుపు మెల్లగా నీలమై, ముదురునీలమై, పటంలోకెల్లా చిక్కటి చోటుగా మారింది. ఎడమ గేట్లు సగం, కుడి గేట్లు సగం, రెండువైపులా ఆరుగంటల ముందు సైరన్. ఇరవై తొమ్మిదో తేదీన రంగనాయకులు సంతకం చేశాడు. మర్నాడు ముద్ర పడింది.

ఆగస్టు రెండో వారంలో ఏరు వచ్చింది. తెల్లవారుతుండగా ఉపాధ్యాయనగర్‌లో పద్నాలుగేళ్ళ తర్వాత సైరన్ మోగింది. పుస్తకాలన్నీ అప్పటికే మేడమీద ఉన్నాయి. పదకొండు గంటలకు నీరు గడప దాటి, ఎర్రగా, చప్పుడు లేకుండా ముందుగదిలోకి వచ్చింది. శ్రీపతి నీటిలో నిలబడి లోతు చూసుకుని, మళ్ళీ భోజనాలబల్ల ఎక్కి కూర్చున్నాడు.

"మోకాలికి రెండంగుళాలు తక్కువే ఉంది. నీ యంత్రం నన్ను పొట్టివాణ్ణనుకున్నట్టుంది."

పక్కింటాయన కిటికీలోంచి ప్రహరీ మీదుగా కేకేశాడు. "సువర్చలగారూ! ఇది మీ పనేనటగా!"

"అవునండీ, నా పనే," అని ఆమె కూడా కేకేసింది.

"మేం మీకు శాలువా కప్పాం!"

"తడవకుండా మేడమీద పెట్టానండీ. కావాలంటే తిరిగి ఇచ్చేస్తాను."

ఆయన కిటికీ మూసుకున్నాడు. శ్రీపతి నవ్వు ఆపుకోలేక నీళ్ళలోకి జారబోయాడు. మధ్యాహ్నం ఫోను మోగింది. రూతమ్మ.

"వచ్చిందమ్మగారూ. నిన్ననే బట్టీలన్నీ ఖాళీ చేసుకున్నాం. మంచాల మీద కూచున్నాం. అందరం ఉన్నాం. లెక్కెట్టుకున్నా, అందరం ఉన్నాం."

"ఎంతవరకు వచ్చింది?"

"మోకాలి దాకా. మరి మీకో?"

"మాకూ అంతే."

అవతల నీటి చప్పుడు వినిపించింది.

"అయ్యో, మరి నిలబడే ఉన్నారా? మంచం ఎక్కండి తల్లీ. కాళ్ళు నానితే జలుబు చేసిద్ది," అంది రూతమ్మ.

*

ఉపాధ్యాయనగర్ సంఘం ఫిర్యాదు చేసింది. సురక్షితమైన కాలనీలోకి కావాలని నీరు వదిలారనీ, పాత పటాన్నే తిరిగి అమలు చేయాలనీ కోరింది. విచారణ అక్టోబరులో కలెక్టరు కార్యాలయం మేడమీద జరిగింది. విచారణాధికారి ఆరడుగుల పైచిలుకు మనిషి, మర్యాదస్థుడు, తొందరపాటు కలవాడు. ఆయన ఎదుట ఒకవైపు సంఘం పెద్దలు, ఒకవైపు సువర్చల, రంగనాయకులు. వెనక బల్లల మీద పేట ఆడవాళ్ళు.

"మీ ఇంట్లోకే నీరు వస్తుందని తెలిసే ఈ పటం సిద్ధం చేశారా?" అని ఆయన సువర్చలను అడిగాడు.

"తెలిసే చేశాను."

"మీ కాలనీవాళ్ళకు ఇది అన్యాయమని అనిపించలేదా?"

"మోకాలి లోతు నీరు అన్యాయమైతే, అంతకు ముందు మూడుసార్లు జరిగినదానికి పేరేమిటో మీరే చెప్పాలి. ఆ పేరు కోసమే నేనిక్కడికి వచ్చాను."

సంఘం తరఫున ఒక పెద్దమనిషి లేచాడు. గోడల మీది సున్నపు పెచ్చులు చూసి లోతు చెప్పడం శాస్త్రం కాదనీ, పేటలో అంత నీరు వచ్చిందనడానికి మనుషుల మాట తప్ప ఆధారం లేదనీ అన్నాడు.

"అయితే మనుషుల మాటే విందాం," అని అధికారి కాగితం చూసి, "దారా రూతమ్మ," అని పిలిచాడు.

రూతమ్మ ముందుకు వచ్చి నిలబడింది. బల్ల మీదుగా ఆమె తలా భుజాలూ మాత్రమే కనిపించాయి.

"ఈ ఏడు మీ ఇంట్లోకి నీరు ఎంతవరకు వచ్చిందమ్మా?"

ఆమె వంగి మోకాలి మీద చెయ్యి పెట్టింది. "ఇక్కడికండీ."

గుమాస్తా రాసుకున్నాడు.

"మీ భర్త చనిపోయిన ఏడాది ఎంత వచ్చింది? అడుగుల్లో చెప్పండి."

"అడుగులు నాకు తెలవదండీ."

"సరే, చేత్తో చూపించండి."

రూతమ్మ చెయ్యి పైకెత్తింది. మునివేళ్ళ మీద నిలబడింది. తన చేతి చివరను తానే చూసుకుని, తలాడించి, చెయ్యి దించేసింది.

"నాకు అందదండీ. మీరు పొడుగు మనిషి. మీరొకపాలి లేచి నిలబడండి బాబూ."

గదిలో ఎవరో నవ్వబోయి ఆగారు. అధికారి అయోమయంగా ఇటూ అటూ చూశాడు. ఆమె ముఖంలో వేళాకోళం లేదు. ఆయన కుర్చీ వెనక్కి జరిపి లేచాడు.

"చెయ్యెత్తండి."

ఆయన కుడిచెయ్యి ఎత్తాడు.

"ఇంకాస్త పైకి."

చెయ్యి నిటారుగా సాగింది. వేళ్ళు విచ్చుకున్నాయి.

"ఇంకొంచెం బాబూ."

అధికారి మడమలు నేల నుంచి లేచాయి. మరో చెయ్యి ఆసరా కోసం బల్ల అంచు పట్టుకుంది. మెడ నరాలు బిగుసుకున్నాయి. అలా నిలబడి, చాచిన తన వేళ్ళ వైపు చూస్తున్న మనిషి ఒక్కసారి ఊపిరి గట్టిగా పీల్చుకోవడం గదిలో అందరికీ వినిపించింది.

"ఆఁ. అక్కడికి," అంది రూతమ్మ.

 కలం పట్టుకున్న గుమాస్తా అధికారి ఎప్పుడు కూర్చుంటాడా అని చూస్తున్నాడు. ఆయన కూర్చోలేదు, చెయ్యి దించలేదు.

"టేపు తెచ్చి కొలవండి," అన్నాడు. "కొలిచి, రాసుకోండి. రాసేదాకా నేనిలాగే ఉంటాను."